అప్పన్నకు మొక్కిన ఉంగరాల జుట్టు

కూర్మన్నపాలెం జంక్షన్ వెనక వీధిలో మా ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. మిషను కిటికీ పక్కన వేసుకున్నాను కాబట్టి ఎదురింటి వాకిట్లో జరిగేదంతా నాకు కనపడుతుంది. చూడకూడదనుకున్నా కనపడుతుంది. ఆ వాకిట్లో ఒక తల్లి తన కూతురి జుట్టుతో పడిన పాట్లు చూస్తూ నేను కుట్టు ఆపేసి కూర్చున్న రోజులున్నాయి. ఆమె పేరు రోజారమణి. నాకు ఓపిక తక్కువ. చేతిపట్టీ కాస్త వంకర పోతే జాకెట్టు విసిరికొట్టే రకాన్ని. అందుకేనేమో, నిజంగా ఓపిక ఉన్న మనిషి ఎదురైతే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

రోజారమణి అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో చెకింగ్ పని చేస్తుంది. పొద్దున్నే కంపెనీ బస్సు జంక్షన్‌కి వచ్చే వేళకి వంట ముగించి, క్యారియర్ పట్టుకుని పరుగెడుతుంది. భర్త ఉమాశంకర్ స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కింద క్రేన్ నడుపుతాడు. అత్తగారు నూకాలు పిన్ని చోడవరం వైపు పల్లెటూరి మనిషి, భర్త పోయాక కొడుకు దగ్గరకి వచ్చేసింది. వీళ్ళకి ఒక్కగానొక్క పిల్ల కీర్తన, ఎనిమిదో తరగతి.

రోజారమణి జుట్టు దారపు ఉండలోంచి లాగినట్టు తిన్నగా ఉంటుంది. కీర్తనది అలా కాదు. నాలుగు వైపులా లేచి, చిక్కులు పడి, ఉప్పుగాలి తగిలితే రెట్టింపయ్యే జుట్టు. "ఇది మీ పుట్టింటోల జుట్టే. మా ఇంట్లో ఎవులికీ నేదు" అని నూకాలు పిన్ని కోడల్ని దెప్పేది. రోజారమణి మాటకి మాట అనేది కాదు. పిల్ల తల మాత్రం తనకి తెలిసిన పద్ధతిలోనే దువ్వేది. నూనె పట్టించి, పొడి జుట్టుని నడినెత్తి నించి కిందికి సన్నపళ్ళ దువ్వెనతో లాగేది. తిన్నటి జుట్టుకి అది సరిపోతుంది. కీర్తనకి సరిపోయేది కాదు. స్కూల్లో రెండు జడలూ మడిచి రిబ్బన్లు కట్టుకురమ్మంటారు కదా, ఆ జడలు పూర్తయ్యేసరికి పిల్ల ఏడుపు నా మిషను చప్పుడుని మించిపోయేది.

రాలిన జుట్టుని నూకాలు పిన్ని పారేయనిచ్చేది కాదు. ఉండ చుట్టి గుమ్మం పైన కవరులో దాచేది. అది మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్న అలవాటే. జుట్టు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆవిడ బుట్టతో వీధిలోకి వస్తే, ఎవరి కవరు వాళ్ళు తెచ్చి గ్లాసో చెంచాయో పుచ్చుకుంటారు. మాకందరికీ గ్లాసు వచ్చేచోట నూకాలు పిన్నికి మూతతో సహా గిన్నె వచ్చేది. "మా గుంటది జుట్టు ఒత్తు. అందుకే ఇంత రాల్తాది" అని మనవరాల్ని చూసి మురిసిపోయేది. పిల్ల నెత్తి మీద ఉండవలసిన జుట్టంతా అలమరలోకి గిన్నెలై చేరుతోందని వీధిలో ఎవరికీ తట్టలేదు.

వానాకాలంలో కీర్తనకి డెంగీ జ్వరం వచ్చింది. రక్తం పరీక్ష చేసిన ప్రతిసారీ డాక్టరు మొహం ఇంకాస్త ముడుచుకునేది. నూకాలు పిన్ని ఆసుపత్రి మెట్ల మీద నిలబడి, సింహాచలం కొండ ఎటువైపుందో వాచ్‌మన్ని అడిగి తెలుసుకుని, అటు తిరిగి గట్టిగా మొక్కుకుంది. "అప్పన్న బాబూ, మా గుంటది లెగిసి తిరిగితే దీని తల్నీలాలు నీకే. మూడు కత్తెర్లు కాదు, నిండుగా ఇప్పిత్తాను." నేను అక్కడే ఉన్నాను. ఆ గొంతు వింటే ఏ దేవుడైనా కొండ దిగి వచ్చేవాడే.

పిల్ల లేచింది. కానీ జ్వరం తగ్గాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వచ్చేసేది. ఇంకేం, పిన్నికి బలం దొరికింది. "గుండు గీయించీసినామంటే మొక్కూ తీరిపోద్ది, జుట్టూ సాపుగా మొలుత్తాది" అనేసింది. గుండు గీయిస్తే ఉంగరాలు పోయి తిన్నటి జుట్టు వస్తుందని మా పెద్దవాళ్ళకి గట్టి నమ్మకం. కీర్తన ఆ మాట విని అన్నం మానేసింది. గుండుతో స్కూలుకి వెళ్ళేకంటే స్కూలు మానేస్తానంది.

నేనూరుకోలేక రోడ్డు దాటి వెళ్ళాను. "పిన్నీ, ఎదిగిన ఆడపిల్ల. మూడు కత్తెర్లిస్తే దేవుడు కాదంటాడా?" అని అడిగాను. చాలామంది ఆడవాళ్ళు జుట్టు కొసలు మూడుచోట్ల కత్తిరించి ఇచ్చి మొక్కు చెల్లించుకోవడం ఉన్నదే.

"పేనం ఇయ్యమంటే పేనం ఇచ్చినాడే జోతీ. ఆయినకి కొసలిచ్చి సరిపెట్టీమంటావేటి? మల్లీ జొరం తిరగబెడితే నువ్వు ఆపుతావేటి?" అంది.  

అప్పుడు రోజారమణి వంటింట్లోంచి వచ్చి అత్తగారి ముందు కింద కూర్చుంది. "అత్తా, అప్పన్న బాబుకి కుల్లిపోయిన కొబ్బరికాయ కొడతామేటి?"

"తప్పు తప్పు. అదేం మాటే?"

"మరి ఈ పీచు ఎలాగిత్తాం? ఏసంగి సెలవులదాకా గడువియ్యి. దీని జుట్టు బాగుసేసి, అప్పుడే ఇద్దాం. ఇచ్చీది మంచిదే ఇద్దాం."

దేవుడికి చెడ్డ వస్తువు ఇవ్వకూడదన్న మాట నూకాలు పిన్ని కాదనలేకపోయింది. సరేనంది.

"మంచి ఎత్తే వేశావు" అన్నాను నేను, గుమ్మం దాటగానే. రోజారమణి నా వంక వింతగా చూసింది. "ఎత్తు కాదక్కా. మాటంటే మాటే. ఇచ్చీవలిసిందే" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇచ్చెయ్యబోయే జుట్టుకి సేవలెందుకు, కసాయికిచ్చే మేకని మేపినట్టు అన్నాను. ఆమె చెప్పులేసుకుంటూ, మామూలుగానే అంది: "ఏడుపు నేకుండా తల దువ్వించుకున్న రోజు దానికి ఒక్కటీ నేదక్కా. నెత్తిమీదున్నన్నాల్లైనా సుకంగా ఉండాల కదా."

ఆ మాటకి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అప్పట్నించే నేను ఆమెని కొంచెం తల ఎత్తి చూడడం మొదలుపెట్టాను.

కంపెనీలో రోజారమణి పక్కన కూర్చునే ఆస్రా అనే అమ్మాయి ఉంది. సిటీలో పాతవూరి పిల్ల, వాళ్ళింట్లో అందరివీ రింగుల జుట్టే. బస్సులో ఆ పిల్ల చెప్పిన మొదటి సంగతి, ఇలాంటి జుట్టుని పొడిగా ఉన్నప్పుడు దువ్వనే కూడదని. ఫోన్లో వీడియోలు కూడా చూపించిందట. వాటిలో పెట్టిన క్రీముల సీసాలు చూసి రోజారమణి దణ్ణం పెట్టి ఫోను తిరిగి ఇచ్చేసింది. "ఇవి లేకుండా కుదరదా?" అని అడిగితే, "మా అమ్మీ ఇవెప్పుడు చూసింది అక్కా? ఇంట్లో ఉన్నవాటితోనే చేసేది" అందట ఆస్రా. జుట్టుకి రాసే జిగురు కోసం పూర్ణా మార్కెట్లో అవిసె గింజలు కొని తెచ్చిచ్చింది కూడా ఆ పిల్లే.

ఆదివారం వాకిట్లో పని మొదలైంది. మా వీధి బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, జుట్టు చీపురుపుల్లలా చేస్తాయి. అందుకని తాగడానికి వచ్చే కుళాయి నీళ్ళు పట్టి ఉంచింది. తల తడిపి, చిన్న ప్యాకెట్ కండిషనర్ చేత్తో పట్టించి, వేళ్ళతోనే చిక్కు తీయడం మొదలుపెట్టింది. కొసల దగ్గర మొదలు. కింది చిక్కు విడితేనే పైకి వెళ్ళడం. ఒక్కో పాయా విడదీసి పక్కన పెట్టడం. చిక్కు గట్టిగా ఉంటే అక్కడ ఇంకాస్త నీళ్ళు, ఇంకాస్త ఓపిక. నేను ఆ వేళకి ఒక జాకెట్టు కత్తిరించి, చంకలు కలిపి, హుక్కులు కూడా కుట్టేశాను. ఆమె ఇంకా కుడివైపే ఉంది. కీర్తన మొదట్లో భుజాలు బిగబట్టి కూర్చుంది, అలవాటైన నొప్పి కోసం ఎదురుచూస్తూ. నొప్పి రాలేదు. కాసేపటికి తల్లి మోకాలి మీద వాలి నిద్రపోయింది.

అవిసె గింజల జిగురు మాత్రం మొదటిసారి తిప్పలు పెట్టింది. గింజలు నీళ్ళలో మరిగించి, చల్లారాక వడకడదామనుకుంది. చల్లారేసరికి అది గింజల్ని పట్టుకుని వదల్లేదు. పాత చున్నీలో పోసి అత్తాకోడళ్ళిద్దరూ చెరో కొసా పట్టుకుని పిండితే, జిగురంతా పిన్ని మోచేతుల మీదుగా కారి గచ్చు మీద పడింది. "ఓలమ్మో, పెద్ద సేప జారినట్టు జారిపోతందే!" అని పిన్ని అరుపు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. తర్వాత ఆదివారం వేడి మీదుండగానే వడకట్టింది.

ఆ జిగురు తడి జుట్టుకి రాసి, కొసల్ని గుప్పిట్లోకి తీసుకుని పైకి నొక్కి వదిలేది. తువ్వాలుతో రుద్దడం మానేసి ఉమాశంకర్ పాత బనియనుతో అద్దేది. ఎప్పుడైనా జిగురుకి బదులు పలచటి గంజి. మొదట్లో ఆరాక జుట్టంతా గంజి పెట్టిన నేతచీరలా బిరుసుగా ఉంటే అయ్యో అనుకున్నాం. అరచేతిలో రెండు చుక్కలు కొబ్బరినూనె రుద్దుకుని ఆ బిరుసుని మెల్లగా నలిపితే మెత్తబడుతుందని ఆస్రా చెప్పింది. స్కూలుకి జడలు తప్పవు కాబట్టి తడి ఆరకముందే వదులుగా అల్లేది. రాత్రి దిండుకి రాసుకుని చెడిపోతుందంటే నేను షాపులో మిగిలిన శాటిన్ ముక్కలు అతికి దిండు గలీబు కుట్టిచ్చాను. అయిదారు రంగుల ముక్కలు. చూడ్డానికి బొంతలా ఉన్నా పని చేసింది.

చలికాలం వచ్చేసరికి ఒక ఆదివారం మధ్యాహ్నం కీర్తన వాకిట్లో ఎండకి నిలబడి తల విదిలించింది. నేను మిషను ఆపేశాను. నల్లటి ఉంగరాలు, ఒకదాని పక్కన ఒకటి, నెత్తి నించి భుజాల దాకా. ఎవరూ చుట్టలేదు వాటిని, వాటంతటవే చుట్టుకున్నాయి. పిల్ల అడుగు వేస్తే అవి ఎగిరి మళ్ళీ ఎక్కడివక్కడ సర్దుకునేవి. నేను పుట్టి పెరిగిన ఊరే ఇది, ఎన్ని వేల తలలో చూశాను. అంత అందమైన తల చూడలేదు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు, ఈ జుట్టుకి కొప్పే అక్కర్లేదు అనిపించింది. అప్పుడే ఇంకోటీ తట్టింది. బాగుపడేకొద్దీ ఇవ్వడం కష్టమవుతోంది కదా, ఈ పిచ్చి తల్లికి ఆ సంగతి తెలుసా అని.

తెలుసు. ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. అయినా చేతులు ఆపలేదు.

సంక్రాంతి దాటాక స్టీలు సామాన్లావిడ వచ్చింది. నూకాలు పిన్ని గుమ్మం పైనుంచి కవరు తీసింది. అడుగున రెండు చిన్న ఉండలు తప్ప ఏమీ లేదు. "ఏటమ్మా, ఇంట్లో ఆడోల్లు ఊరెల్లిపోనారేటి?" అని బుట్టావిడ నవ్వింది. చెంచా కూడా రాదంది. పిన్ని ఆ ఖాళీ కవరుతో లోపలికి వెళ్ళి, అలమరలోని గిన్నెల వంక చూసి వచ్చింది. "ఇన్నాల్లూ గుంటదాన్ని పీకి పీకి గిన్నెలు కొనీసినామే జోతీ" అంది నాతో.

ఆ వచ్చిన ఆదివారం, రెండో దిండు గలీబు ఇద్దామని నేను వాళ్ళింటికి వెళ్ళాను. కీర్తన తల పని అయిపోయింది. గిన్నెలో కాస్త జిగురు మిగిలింది. రోజారమణి పారబోయబోతుంటే నూకాలు పిన్ని, "ఉంచు" అంది. తలుపు దగ్గరగా వేసొచ్చి, కోడలి ముందు పీట మీద కూర్చుని, కొప్పు విప్పింది.

ఆవిడ కొప్పు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఆముదం పట్టించి, బిగదీసి, నున్నటి ముడి వేసి ఉండేది ఎప్పుడూ. రోజారమణి ఆ నూనె కడిగి నీళ్ళు పోసింది. తడి తగలగానే నెరిసిన జుట్టు మెలికలు తిరిగింది. అవే ఉంగరాలు. మనవరాలివే, తెల్లగా.

పిన్ని తల ఎత్తకుండానే చెప్పింది.

"ఊల్లో నన్ను ఎలుగ్గొడ్డనీవోలు. మా యమ్మ నాకు మూడుపాల్లు గుండు గీయించినాది. మూడుపాల్లూ ఇలాగే మొలిసినాది. పెల్లయిన కాన్నించి ఈ ముడే. మా ఆయినకి కూడా ఇప్పి సూపించనేదు. గుంటది పుట్టినప్పుడే తెలిసిపోనాది, ఇది నా జుట్టేనని. ఒప్పుకోడానికి సిగ్గేసి నీ పుట్టింటోల మీదకి తోసీసినాను."

రోజారమణి ఎన్నేళ్ళుగానో పడిన మాట అది. ఆమె స్థానంలో నేనుంటే ఆ జిగురు గిన్నె బోర్లించేదాన్ని. ఆమె, "తల కొంచెం వంచత్తా, మెడకాడ సిక్కుంది" అంది. అంతే. కూతురికి చేసినట్టే కొసల నించి వేళ్ళతో విడదీసింది, జిగురు రాసింది, బనియనుతో అద్దింది. ఆరాక కీర్తన అద్దం తెచ్చి పట్టుకుంది. ముసలావిడ అందులోకి చూసుకుని, ఒక ఉంగరం పట్టి లాగి వదిలింది. అది మళ్ళీ చుట్టుకుంది. చిన్నపిల్లలా నవ్వింది. ఒక మనిషి అన్నేళ్ళు తన తలనే దాచుకుని బతకడం, దాన్ని ఇంకొకరు ఏ నిష్ఠూరమూ లేకుండా విప్పి ఇవ్వడం, రెండూ నేను కళ్ళారా చూశాను.

అప్పట్నించి ఆదివారం ఇద్దరికీ తలంటే. పిన్ని కొప్పు మానేసి, జుట్టు వెనక్కి వదులుగా క్లిప్పు పెట్టుకుని జంక్షన్ దాకా పాల ప్యాకెట్‌కి వెళ్ళేది. ఎవరైనా బాగుందంటే మళ్ళీ చెప్పించుకునేది. ఇంక మొక్కు మాట ఎత్తదులే అనుకున్నాను.

ఎత్తింది. కొండ మీద చందనోత్సవం రద్దీ తగ్గాక, ఎండాకాలం సెలవుల్లో, "రేపు కొండకెల్తన్నాం" అంది. పిన్నికి మనసు లేక కాదు. మొక్కు తప్పితే పిల్లకి మళ్ళీ ఏమవుతుందోనన్న భయం. రోజారమణి నా దగ్గరకొచ్చి, "తోడు రా అక్కా" అని మాత్రం అంది. కీర్తన కూడా అన్నం మానలేదు ఈసారి. "అమ్మ ఇస్తానని మాటిచ్చింది కదా ఆంటీ" అంది, పెద్దదానిలా.

పొద్దున్నే బయల్దేరాం. "గుంటదాని జుట్టు ఇప్పే ఉంచు. అప్పన్న బాబు సూడాల" అంది పిన్ని. గాజువాక నించి ఎన్ఏడీ జంక్షన్ దాకా బస్సులో ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు ఆ తల వంక చూశారు. ఒకావిడ ఏ పార్లరమ్మా అని అడిగింది. రోజారమణి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కొండ మీద తలనీలాలు తీసే హాల్లో కీర్తన వెళ్ళి పీట మీద కూర్చుంది. క్షురకుడు కొత్త బ్లేడు బిగించి, ఆ జుట్టు చూసి ఆగాడు. "మూడు కత్తెర్లిస్తే చాలు కదమ్మా" అన్నాడు.

"నిండుగానే తియ్యండి బాబూ. మొక్కుంది" అంది రోజారమణి. కూతురి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆయన చెంబులో నీళ్ళు తీసుకున్నాడు.

"ఆగు" అంది నూకాలు పిన్ని. ఆ హాలంతా వినపడేలా అంది. "లెగవే గుంటా."

కీర్తనని రెక్క పట్టి లేపి, ఆ పీట మీద తను కూర్చుంది. క్లిప్పు తీసి కోడలి చేతిలో పెట్టింది. తెల్లటి ఉంగరాలు వీపంతా పరుచుకున్నాయి.

"అత్తా! మొక్కింది దీని తల కదా" అంది రోజారమణి, నమ్మలేక.

"ఆ పొద్దు పేనం మీదకొచ్చింది. నా దగ్గరున్నదాంట్లో గొప్పది మొక్కాల. నా నెత్తిమీదున్నదాన్ని నాను అప్పుడు జుట్టే అనుకోనేదు. అందుకే గుంటదాని తల మొక్కీసినాను. ఇప్పుడిది మంచి జుట్టు. నువ్వే సేసినావు. ఇప్పుడిది ఇచ్చినా ఆయినకి సెల్లుతాది." క్షురకుడి వైపు తిరిగింది. "తియ్యి నాయినా."

జుట్టు ఉంగరాలు ఉంగరాలుగానే కింద పడింది. ఆవిడ ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. జీవితంలో మూడు నాలుగు నెలలే వాటిని విప్పుకుని తిరిగింది, ఇంకా మోజు కూడా తీరలేదు. రోజారమణి నేల మీద చతికిలబడి, అత్తగారి మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది. కీర్తన నాయనమ్మ నున్నటి గుండుకి గంధం పూస్తూ ఏడ్చింది. నా సంగతి చెప్పక్కర్లేదు.

స్నానం చేసి, గుళ్ళోకి వెళ్ళి, కప్పస్తంభం దగ్గర వరసలో నిలబడ్డాం. ఆ స్తంభాన్ని కౌగలించుకుని కోరుకుంటే కోరిక తీరుతుందంటారు. అందరూ లోలోపలే కోరుకుంటారు. నూకాలు పిన్నికి లోలోపల అనుకోవడం చేతకాదు. గంధం గుండు స్తంభానికి ఆనించి, రెండు చేతులా వాటేసుకుని, వెనకున్నవాళ్ళందరికీ వినపడేలా అడిగింది.

"నీ బాకీ తీరిపోనాది బాబూ. నాలుగోపాలి కూడా రింగులే మొలిపించు. తిన్నగా గాని మొలిపించినావా, మల్లీ వత్తాను."